రంగు పడని టార్చి

గాలి వీపుకి తగలాలి, మొహానికి కాదు. హార్డ్‌వేర్ షాపతను రెండుసార్లు చెప్పాడు, చంటిపిల్లకి చెప్పినట్టు. నేనూ చంటిపిల్లలాగే తలూపి వచ్చాను. ఇప్పుడు గాలి ఎటు వీస్తోందో తెలిసి చావడం లేదు. వేలు తడి చేసి పైకెత్తి చూశాను, వేలు చల్లబడింది గానీ ఏ పక్క చల్లబడిందో అర్థం కాలేదు. తీగ మీద ఆరేసిన దుప్పటి చూస్తే తెలుస్తుంది కదా మొద్దూ అని నన్ను నేనే తిట్టుకుని, దుప్పటి గోడవైపు పొంగడం చూసి, అమ్మయ్య అనుకున్నాక గుర్తొచ్చింది, ఆ దుప్పటి అసలక్కడ ఉండకూడదు, రవ్వ ఎగిరితే ముందు అంటుకునేది అదే. తీసి మడిచి లోపల పడేశాను. గ్రిల్లుని గోడకి దూరంగా పెరటి మధ్యకి లాగాను. దాని చక్రం ఒకటి ఎప్పుడో విరిగింది, ఆ కాలికింద ఆయన పెట్టిన ఇటుక ముక్కని కూడా వెంట తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాను. ఎండుటాకులు ఊడ్చాను. బకెట్టు నిండా ఇసుక, పక్కనే నీళ్ళ గొట్టం. చేతులకి ఆయన తోలు తొడుగులు, కళ్ళకి ఆయన పని కళ్ళద్దాలు, జుట్టు ముడేసి పైన గుడ్డ. కిటికీ అద్దంలో నన్ను చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. నాలుగు కోడి ముక్కలు, రెండు మొక్కజొన్న పొత్తులు కాల్చడానికి ఇంత సరంజామానా? కానీ లోపల హాల్లో అత్తయ్య కూర్చుని ఉంది. ఆవిడ ఈ పూట ఒక్క ముద్దయినా తినాలి. అదీ సంగతి.

ఆయన పోయాక అందరం ఏడ్చాం, తర్వాత అందరం తిన్నాం. అత్తయ్య ఒక్కతే తినడం మానేసింది. మొండితనమూ కాదు. మా ఆడపడుచు ఇంట్లో ఉంటోంది కదా, కంచం ముందు బుద్ధిగానే కూర్చుంటుందట, ముద్ద కలుపుతుందట, కలిపీ కలిపీ చివరికి లేచి చెయ్యి కడిగేసుకుంటుందట. 'బట్టలన్నీ వదులైపోయాయి వదినా, కుట్లు వేసి బిగించి ఇచ్చాను, మళ్ళీ వదులే' అని ఆడపడుచు ఫోన్లో ఏడుపు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఒంట్లో ఏమీ లేదు పొమ్మన్నాడట. ఒంట్లో ఏమీ మిగలకపోతేనే కదా తీసుకెళ్ళింది, మహానుభావుడు. అలాంటిది మొన్న ఫోన్ అత్తయ్యే తీసుకుని, నాతో నేరుగా, 'ఏదీ నోటికి పోవట్లేదే అమ్మాయ్, వాడు ఆదివారాలు పెరట్లో కాల్చి పెట్టేవాడు చూడు, మీ ఇంటికొచ్చి ఒకసారి అది తినాలనుంది' అంది. తినాలనుంది! ఆ మాట ఆవిడ నోట ఎన్నాళ్ళకి విన్నాం. 'అదెంత పని అత్తయ్యా, ఆదివారం వచ్చెయ్యండి' అన్నాను నేను, ఇంకేం ఆలోచించకుండా. ఆడపడుచు ఫోన్ లాక్కుని, 'వదినా, నీకు పుణ్యముంటుంది, అచ్చం అన్నయ్య చేసినట్టే చెయ్యి' అంది. అచ్చం. ఫోన్ పెట్టేశాక ఆ మాట దగ్గరే చిక్కుకున్నాను.

అచ్చం ఆయన చేసినట్టు అంటే ఏమిటో నాకు తెలుసు, నా ముక్కుకి తెలుసు. సామాన్ల గదిలో పై అరలో ఇంకా సగం ఉంది ఆ సీసా, బొగ్గు అంటించే నూనె. పేరేదైనా ఇంట్లో అందరం కిరసనాయిలనే అంటాం. ఆయన బొగ్గుని కుప్ప పోసి, దాని నెత్తిన ఆ సీసా బోర్లించి, చాలు చాలు అంటున్నా వినకుండా ఇంకో రెండు గుక్కలు పోసి, వెనక్కి జరిగి అగ్గిపుల్ల విసిరేవారు. భగ్గుమనేది. పిల్లాడిలా వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వేవారు. ఆ నూనె పూర్తిగా కాలేదాకా ఆగాలని సీసా మీదే రాసి ఉంటుంది, ఆయనకి ఆగడమంటే ప్రాణం మీదికొచ్చేది, మంట తగ్గీ తగ్గకముందే ముక్కలు పరిచేసేవారు. ఇంకేముంది, కోడికి కిరసనాయిలు, పొత్తులకి కిరసనాయిలు, పక్కన పెట్టిన ఉల్లిపాయ ముక్కలకి కూడా అదే కంపు. ఉప్పూ కారం మాత్రం ఎప్పుడూ తప్పలేదు, అవి ఆయన నాలుకకి తెలిసేవి. వాసన తెలిసేది కాదు. అసలు తెలిసేది కాదు. కార్లకి రంగులు కొట్టే వర్క్‌షాపులో పదహారో ఏట చేరారు, ఆ రోజుల్లో మూతికి గుడ్డ కట్టుకుంటే సాటి పనివాళ్ళు ఆడపిల్లవా అని నవ్వేవారట, అలా నవ్వులపాలు కాకూడదని పీల్చిన రంగంతా ముక్కుని తినేసింది.

పెళ్ళైన కొత్తల్లో నాకు తెలియదు. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తూండమని చెప్పి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు, గిన్నె నల్లగా బొగ్గయిపోయింది, ఈయన దాని పక్కనే కుర్చీ వేసుకుని హాయిగా పేపరు చదువుకుంటున్నారు. నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన గిన్నె చూసి, నన్ను చూసి, తప్పు చేసిన కుర్రాడిలా నిలబడిపోయారు. అప్పుడు చెప్పారు. చెప్పి వెంటనే, 'అమ్మకి మాత్రం తెలియనీయకు, ఆ పనిలో పెట్టింది అమ్మే, తెలిస్తే తట్టుకోలేదు' అన్నారు. ఒట్టు కూడా వేయించుకున్నారు. ఆ దేవుడి ఎగతాళి చూడండి, ముక్కు లేని మనిషికి అచ్చంగా ముక్కు మీద బతికే పెళ్ళాం దొరికింది. డ్రై క్లీనింగ్ దుకాణంలో కౌంటరు నాది. బట్ట ముక్కు దగ్గర పెట్టుకుని ఇది కాఫీ, ఇది ఇంజన్ ఆయిలు, ఇది మీవాడు మీకు తెలియకుండా కాల్చే సిగరెట్టు అని చెప్పేస్తాను. మా ఓనరు నన్ను 'ముక్కుగారు' అని పిలుస్తాడు, వెధవ వేళాకోళమే అయినా గర్వంగానే ఉంటుంది. అలాంటి ముక్కుగారు మొదటి ఆదివారం, మొదటి ముక్క, కిరసనాయిలు ఓడుతున్న ముక్క నోట్లో పెట్టుకుని, ఎదురుగా నిలబడి నా మొహాన్నే చూస్తున్న మనిషిని చూసి, 'అద్భుతం' అంది. అప్పుడు ఆయన మొహం చూడాలి. తన ముక్క తను కొరకకుండా నా మొహం చూశారు, అత్తయ్య మొహం చూశారు, చెల్లెలి మొహం చూశారు, అందరి మొహాలూ చూశాక అప్పుడు తిన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. మొహం సర్దుకోవడం నాకు అలవాటైపోయింది, పళ్ళు తోముకున్నంత మామూలుగా.

బొగ్గు పోస్తున్నాను. ఇది బిళ్ళల బొగ్గు కాదు, కట్టె బొగ్గు, చెట్టు కొమ్మల ఆకారం ఇంకా పోనిది, ముక్కకి ముక్క తగిలితే గాజులా ఖణేల్మంటుంది. పెద్దవి అడుగున, చిన్నవి పైన, మధ్యలో గాలి ఆడేలా గుట్టగా. దీనికి నూనె అక్కర్లేదమ్మా, టార్చి ఉంటే చాలు అన్నాడు షాపతను. టార్చి ఉంది అన్నాను. అదే తీసుకెళ్ళాను చూపించడానికి. అరచేతిలో పట్టే చిన్న గ్యాస్ సిలిండరు, దాని నెత్తిన వంకీ తిరిగిన ఇత్తడి గొట్టం, పక్కన తిప్పుడు మర. ఆయన పోయాక వర్క్‌షాపు యజమాని ఆయన అల్మారాలో సామానంతా ఒక అట్టపెట్టెలో పెట్టి పంపాడు, అందులో వచ్చింది. మూతికి కట్టుకునే మాస్కు, ఈ కళ్ళద్దాలు, ఈ తొడుగులు, టీ గ్లాసు, దువ్వెన. అన్నిటి మీదా రంగులే. దువ్వెన పళ్ళ మధ్య కూడా ఎర్ర రంగు, గ్లాసు అడుగున వెండి రంగు. వాటన్నిటినీ పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటీ తుడిచాను, తుడిస్తే పోయే రంగులా అది. టార్చి మాత్రం శుభ్రంగా ఉంది. రంగుల గదిలో నిప్పు పుల్ల వెలిగించినా ఉద్యోగం ఊడుతుందని ఆయనే చెప్పేవారు, మరి ఇదెక్కడిది, పొరపాటున సొట్టలు తీసే అతనిది కలిసిందేమోనని తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను కూడా. 'కాదమ్మా, ఆయన అల్మారాలో వెనకాల ఉంది, ఆయనదే' అన్నాడు యజమాని. సరే, ఆయనదే. ఎందుకని అడగడానికి మనిషి లేడు.

మర కొద్దిగా తిప్పి, మూతి అవతలకి పెట్టి, మీట నొక్కాను. మొదటిసారి వట్టి టిక్కుమంది. రెండోసారి నీలం మంట బుస్సుమని వచ్చింది, నేను 'అమ్మో' అని గట్టిగానే అరిచాను, లోపలికి వినిపించిందేమో. మూతిని బొగ్గులోకి గుచ్చకూడదు, జానెడు దూరం ఉండాలి. గుట్ట అడుగున ఒకచోట పట్టాను. ఏమీ అవదు, ఏమీ అవదు, నల్లగా అలాగే చూస్తూ ఉంటుంది, ఆ తర్వాత ఒక ముక్క అంచు సన్నగా ఎర్రబడింది. ఆయన అయితే ఈపాటికి రెండుసార్లు 'ఏదీ, ఇంకా అంటుకోదే' అనేవారు. టప్పున పేలింది. రవ్వలు తొడుగు మీద పడ్డాయి, కళ్ళద్దాలకి తగిలాయి. కట్టె బొగ్గు పేలుతుంది, భయపడకండి, దగ్గరగా వంగకండి, అని చెప్పాడతను. వంగలేదు. చెయ్యి చాపి ఇంకోచోట పట్టాను. గుండె మాత్రం టార్చి కన్నా గట్టిగా చప్పుడు చేస్తోంది. భయమా అంటే భయం కాదు. అంటుకుంటోంది. చక్కగా, ఒద్దికగా, భగ్గుమనకుండా, కంపు లేకుండా అంటుకుంటోంది. నాకు హాయిగా ఉంది, అదీ నా బాధ. ఆయన ఇన్నేళ్ళు చేసిన పని నేను మొదటిసారికే ఆయన కంటే బాగా చేస్తున్నాను. చేస్తూ సంతోషిస్తున్నాను. మొగుడు పోయిన దానికి పెరట్లో ఇదేం సంబరం అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను.

సంబరం సంగతి సరే. ఆయన్ని ఈ పొయ్యికి దూరం చేసింది ఎవరని అడిగితే ఏం చెప్పను. పోయిన వానాకాలం, వానలు మొదలవకముందు, ఒక ఆదివారం. ఆ రోజు దుకాణంలో ఒక పెళ్ళివారి బట్టలు మూటలు మూటలుగా వచ్చాయి, ఆదివారమని కూడా చూడకుండా రమ్మన్నాడు ఓనరు, పొద్దున్నుంచీ మందుల వాసన పీల్చీ పీల్చీ కణతలు పగిలిపోతున్నాయి. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగానే పెరట్లోంచి ఆ భగ్గుమనే చప్పుడు, ఆ కంపు. ఆయన పళ్ళెం పట్టుకొచ్చి నా ముందు పెట్టి, నిలబడి, నా మొహం చూస్తున్నారు. ముక్క ఎత్తాను. నోటి దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. ముక్కని పళ్ళెంలో పడేసి, 'నావల్ల కాదు బాబూ, ఈ కిరసనాయిలు కంపు నేనిక భరించలేను, ఇన్నాళ్ళూ ఎలా తిన్నానో నాకే తెలీదు' అన్నాను. ఇన్నాళ్ళూ. ఆ ఒక్క మాట మింగినా సరిపోయేది. ఈ రోజు బాగాలేదు అంటే సరిపోయేది. ఆయన పళ్ళెం వైపు చూశారు. 'అలాగా' అన్నారు. అంతే, కోపం లేదు, వాదన లేదు. పళ్ళెం తీసుకుని వెళ్ళి, బొగ్గు ఆర్పి, చల్లారేదాకా అక్కడే నిలబడి, గ్రిల్లు మీద ప్లాస్టిక్ ముసుగు కప్పి తాడు కట్టారు. మర్నాటి నుంచి వానలు. వానలు పోయాయి, ముసుగు తియ్యలేదు. ఆడపడుచు అడిగితే వానలని చెప్పాను, అత్తయ్య అడిగితే బొగ్గు దొరకడం లేదని చెప్పాను. ఆయన్ని మాత్రం ఏమీ అడగలేదు. మనసులో ఏముందో అడిగితే చెబుతారేమోనని భయం. వారాలకి వారాలు ఇద్దరం ఒకే కంచం దగ్గర కూర్చుని ఆ ఒక్క విషయం తప్ప లోకంలో విషయాలన్నీ మాట్లాడుకున్నాం. ఒక పొద్దున పనికి వెళ్ళబోతూ చెప్పులు వేసుకోవడానికి గుమ్మంలో కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. ఇన్నేళ్ళ ఆదివారాలూ ఒక్క ముక్కలో అబద్ధమని తెలిశాక మనిషికి లోపల ఏమవుతుందో ఏ డాక్టరుకి తెలుసు?

గుట్ట మధ్య అంతా ఎర్రబడింది. మర బిగించాను, మంట పుటుక్కున పోయింది, గొట్టం ఇంకా కాలుతూనే ఉంటుంది, దూరంగా రాతి పలక మీద పెట్టాను. ఇంక ఎదురు చూడటమే. బొగ్గు మీద బూడిద తెల్లగా పట్టేదాకా ముక్క పెట్టకూడదు. స్టూలు మీద కూర్చుని వాసన చూశాను. వేడి వాసన, కట్టె వాసన, చలికాలం పొద్దుట వీధి చివర ఎవరో చలి కాగుతున్నప్పుడు వచ్చే వాసన. ఎంత బాగుందో. ఎంత బాగుందో అంత తప్పు. అత్తయ్యకి కావలసింది ఇది కాదు. ఈ ముక్క నోట్లో పెట్టుకోగానే ఆవిడకి తెలిసిపోతుంది, ఇది వాడిది కాదని. తెలిస్తే కంచం పక్కన పెట్టేస్తుంది. ఈ ఒక్క కోరికా తీరకపోతే మళ్ళీ తినాలని ఎప్పుడంటుంది? ఒకసారి ఆయన్ని తిండి దగ్గర నా ముక్కు మాట విని దెబ్బ కొట్టాను, ఇప్పుడు ఆయన తల్లిని కూడానా? సీసా ఉంది కదా. రెండు చుక్కలు. కానీ అంటుకున్న బొగ్గు మీద నూనె మాత్రం పొయ్యకండమ్మా, మంట ధార పట్టుకుని సీసా దాకా ఎగబాకుతుంది, అని షాపతను వేలు చూపించి మరీ చెప్పాడు. సరే, పొయ్యను. ఒక్క చల్లటి బొగ్గు ముక్క మీద, దూరంగా, గదిలోనే రెండు చుక్కలు వేసి, దాన్ని పట్టకారుతో తెచ్చి ఓ మూల పెడితే? పిచ్చి ఆలోచన, నాకూ తెలుసు. తెలిసే లేచాను, సామాన్ల గదిలోకి వెళ్ళాను, పై అర అందుకున్నాను. సీసా మీద ఆయన వేళ్ళ గుర్తులు, నీలం రంగువి. మూత తీశాను.

ఆదివారం మొత్తం గదిలోకి వచ్చేసింది. ఆయన భుజం మీది తువ్వాలు, ఆయన ఈల, ఎప్పుడూ ఒకే పాట, అదీ సగమే, 'ఏమోయ్, పళ్ళేలు తే' అనే కేక. భరించలేనన్న వాసన ఇదే. నేనే అన్నాను. ఆ నేనే సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, పెట్టుకుని, ఇంకా పెట్టుకుని, తల తిరుగుతున్నా తీయకుండా నిలబడ్డాను. ఏడుస్తున్నానని నాకు కళ్ళద్దాలు మసకబారాక తెలిసింది. ఒక్కసారి వచ్చి భగ్గుమనిపించండి, ఎంత కంపైనా తింటాను, పళ్ళెం నాకేస్తాను.

"అది మూసెయ్యి అమ్మాయ్."

గుమ్మంలో అత్తయ్య. ఎప్పుడొచ్చిందో, ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది, ఎంత చిక్కిపోయిందో వెలుతురుకి ఎదురుగా చూస్తే గానీ తెలియలేదు. దొంగతనం చేస్తూ దొరికినట్టు సీసా వెనక్కి పెట్టుకున్నాను.

"మీరు ఆయన చేసినట్టే కావాలన్నారు కదా అత్తయ్యా, అందుకని..."

"అన్నాను." ఆవిడ నా వైపు చూడటం లేదు. పెరట్లో రాతి పలక వైపు చూస్తోంది. "అదేనా?"

"ఏదీ?"

"వాడు కొంటానన్నది. గ్యాసుతో మంట వచ్చేది."

నాకు అర్థం కాలేదు. అత్తయ్య మెల్లగా పెరట్లోకి వెళ్ళి నేను లేచిన స్టూలు మీద కూర్చుంది. బొగ్గు వైపు చూస్తూ, నాతో కాదు, ఆ నిప్పుతో చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"వానలప్పుడు ఫోన్ చేశాడు. అమ్మా, నిజం చెప్పు, నేను కాల్చేది కిరసనాయిలు కంపు కొడుతుందా అన్నాడు. వాడికి వాసన తెలీదని నాకు తెలీదనుకున్నారు మీరిద్దరూ. కన్నదాన్ని కాదూ? వాణ్ణి ఆ రంగుల్లోకి తోసిందాన్ని. ఎలా చెప్పను? లేదురా నాన్నా, అమృతంలా ఉంటుంది, నీ పెళ్ళాం ముక్కుకి అన్నీ కంపులే అన్నాను. నీ మీదికి తోసేశాను. నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ వారం చేసి, నూనె అక్కర్లేకుండా గ్యాసుతో అంటించేది ఒకటుందటమ్మా, కొంటాను, నేర్చుకున్నాక అందర్నీ పిలిచి కాల్చి పెడతాను, దానికి చెప్పకు అన్నాడు. దానికి అంటే నీకు. ఎందుకురా డబ్బు దండగ, కంపే లేనప్పుడు, అన్నాను. అలాగా అన్నాడు."

అలాగా.

"తర్వాత పోయాడు. కొన్నాడో లేదో తెలీదు. కొనకపోతే నా అబద్ధం నమ్మినట్టు. నమ్మితే, నువ్వే ఊరికే వాడి మనసు విరిచావనుకుని పోయినట్టు. నీకూ వాడికీ మధ్య నేను పెట్టిన చిచ్చుతోనే పోయినట్టు. ముద్ద ఎత్తితే చాలు, అదే గుర్తొస్తుంది, గొంతు దిగదు. ఫోన్లో అడుగుదామంటే పక్కన మీ ఆడపడుచు ఉంటుంది. అందుకే తిండి పేరు పెట్టి వచ్చాను." అప్పుడు నా వైపు తిరిగింది. "చెప్పవే. వాడు కొన్నదేనా అది? నువ్వు కొన్నావా?"

గదిలోకి తిరిగాను. సీసా మూత బిగించి అరలో పెట్టి, అక్కడే ఉన్న అట్టపెట్టె ఎత్తుకుని వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. దువ్వెన తీసి చూపించాను. గ్లాసు చూపించాను. నా చేతులకున్న తొడుగులు తీసి ఒళ్ళో వేశాను. రంగు, రంగు, అంతా రంగు. తర్వాత లేచి రాతి పలక మీద టార్చి గొట్టం తాకి చూశాను, చల్లారింది, తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. నేను ఇన్నాళ్ళూ తుడవాల్సిన అవసరం కూడా లేదనుకుని పక్కన పెట్టిన వస్తువు. వర్క్‌షాపులో ఒక్క పూట వాడి ఉంటే మీద చుక్క పడకుండా ఉంటుందా?

"దీనిమీద రంగు లేదు అత్తయ్యా. పనికోసం కొన్నది కాదు. ఆయన అల్మారాలో వెనకాల దాచి పెట్టుకున్నారట."

అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పింది. గొట్టం మీద గోరుతో గీకి చూసింది, ఎక్కడైనా చుక్క ఉందేమోనని. లేదు.

"నా మాట నమ్మలేదు వెధవ," అంది. "పెళ్ళాం మాట నమ్మాడు."

అంత సంతోషంగా కొడుకుని తిట్టిన తల్లిని నేను చూడలేదు. నోరు నవ్వుతోంది, కళ్ళు ధారగా కారుతున్నాయి, పైట చెంగుతో టార్చిని తుడుస్తోంది, తుడవడానికి ఏమీ లేకపోయినా. నేను ఆవిడ మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. అయితే ఆ అలాగా కోపం కాదు. ఆ మౌనం నా మీద అలక కాదు. నేను భయపడి అడగని ఆ వారాలన్నీ ఆయన నాకు చెప్పకుండా దాచుకున్నది ఇదా, ఈ ఇత్తడి గొట్టమా? తేలికపడ్డానా అంటే పడ్డాను. తప్పు పోయిందా అంటే పోలేదు. ఒక్కసారి అడిగి ఉంటే, ఏమండీ ఆ ముసుగు తీద్దామా అని ఒక్కసారి అని ఉంటే, ఆయన ఆగలేని మనిషి, ఆ పూటే చెప్పేసేవారు, ఆ ఆదివారమే మంట వెలిగేది. ఒక్క ఆదివారమైనా నా మొహంలో నిజం చూసి పోయేవారు. ఆ తప్పు ఎప్పటికీ నాదే, ఎవరూ తియ్యలేరు.

"నిప్పు ఆరిపోతుందేమో చూడు," అంది అత్తయ్య. బొగ్గంతా తెల్లబడి ఉంది. ఎంతసేపయిందో. గబగబా లేచి కమ్మీలు సర్ది, ముక్కలు పరిచాను, పొత్తులు పక్కన పెట్టాను. జుయ్యిమంది. పొగ నా మీదికే వచ్చింది, గాలి మారినట్టుంది, పక్కకి జరిగాను. కారిన కొవ్వుకి మంట లేస్తే పట్టకారుతో ముక్కని పక్కకి తోశాను. చేతులు కడుక్కున్నానా అంటే కడుక్కున్నాను, ఉప్పు వేశానా అంటే గుర్తు లేదు. అత్తయ్య టార్చిని ఒళ్ళోనే పెట్టుకుని, స్టూలు మీద ముందుకి వంగి, ముక్కల్ని కాదు, నన్నే చూస్తోంది.

ఒక ముక్క తీసి పళ్ళెంలో పెట్టి ఆవిడ ముందుకి చాపాను. పళ్ళెం వెనక్కి తోసింది.

"ముందు నువ్వు తిను."

ఊదుకుని కొరికాను. ఎదురుగా అదే చూపు. ఆయన చూసే చూపే, ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది, ముక్కని కాకుండా మొహాన్ని రుచి చూసే చూపు. నా బుగ్గలు వాటంతటవే పైకి లేచాయి, కనుబొమలు ఎగిరాయి, 'అద్భుతం' నాలిక చివరికి వచ్చేసింది. అలవాటు. ఆపేశాను. మొహాన్ని ఉన్నదున్నట్టు వదిలేసి, మెల్లగా నమిలి మింగాను.

"కంపు లేదు. కానీ ఉప్పు చాల్లేదు అత్తయ్యా. ఒక పక్క మాడింది కూడా."

అత్తయ్య నా మొహంలోకి ఇంకా కొంచెంసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"అయితే నాకో ముక్క పెట్టు."